ఎనిమిది తెడ్ల గ్వెన్నోల్

ఆ వేసవంతా మా ఇంట్లో ఒక పడవ కాపురం ఉంది.

మాటవరసకి అంటున్నది కాదు. నిజం పడవే. దాని ముక్కు పొయ్యికి మూరెడు దూరంలో ఉండేది. వెనక కొస వెళ్ళి నాన్నమ్మ మంచం ఉన్న మూల గోడకి ఆనేది. అమ్మ దాని అంచుమీద పళ్ళెం పెట్టుకుని బార్లీ పిండి పిసికేది. ఇటునుంచి అటు వెళ్ళాలంటే దాన్ని చుట్టి వెళ్ళాలి, లేదా గౌను ఎత్తి పట్టుకుని దానిలోంచే ఎక్కి దిగాలి. పొద్దున్నే కళ్ళు తెరిస్తే మొదట తగిలేది చెక్క వాసన, ఆ వెనక తారు, ఆ వెనక సన్నగా సముద్రం. పొగమంచు పట్టిన రోజున కిటికీలు తెల్లబడిపోయి, ఒడ్డున అలలు వినపడుతుంటే, కదులుతున్నది పడవా ఇల్లా అన్నది తెలిసేది కాదు. నాకిప్పుడు అరవై దాటాయి. అయినా కొన్ని ఉదయాలు పూర్తిగా మెలకువ రాకముందు నేను ఆ ఇంట్లోనే ఉంటాను.

దాని పేరు గ్వెన్నోల్. మా కార్న్‌వాల్ పాత భాషలో వానకోయిల అని. ఆ భాష నాన్నమ్మ తరంతోనే పోయింది. మాకు మిగిలినవి పడవల పేర్లూ, నాలుగు తిట్లూ.

గ్వెన్నోల్‌ని కట్టింది మా నాన్న పాస్కో. సన్నంగా, పొడుగ్గా, చేపపిల్లలా ఉండేది. ఎనిమిది తెడ్లు. గాలి చచ్చిపోయి తెరచాప ఓడలన్నీ సముద్రం మధ్య బొమ్మల్లా నిలబడిపోయిన రోజున, మా రేవు మగవాళ్ళు ఎనిమిది మంది దాన్లో కూర్చుని ఫ్రాన్సు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళు. అక్కణ్ణుంచి బ్రాందీ పీపాలు వచ్చేవి, టీ వచ్చేది, అన్నిటికంటే ముఖ్యం ఉప్పు వచ్చేది. రాజుగారు ఉప్పుమీద వేసిన సుంకం కడితే మేం చేపలు ఊరబెట్టలేం. ఊరబెట్టకపోతే చలికాలం నోట్లోకి ఏమీ ఉండదు. అందుకే మా రేవు పోర్త్ కెలిన్‌లో ఆ పనిని దొంగరవాణా అని ఎవరూ అనేవారు కాదు. "అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చాడు" అనేవారు. ఆ మాట అంటూ పాదిరీగారు తాగే టీ కూడా అవతలి ఒడ్డుదే.

ఆ ఏడు ఈస్టర్ పండగ ముందు కొత్త సుంకం దొర దిగాడు. పేరు హెన్షా. బక్కపలచని మనిషి. ఎండలో కూడా చలేస్తున్నట్టు భుజాలు దగ్గరికి ముడుచుకునేవాడు. ఎక్కడో మధ్య ఇంగ్లండులో పుట్టాడట, సముద్రం పడేది కాదు, పడవ దిగగానే కాసేపు గోడ పట్టుకుని నిలబడేవాడు. వెంట నలుగురు మనుషులు, ఒక కొలతాడు, ఒక తెల్లరంగు డబ్బా తెచ్చుకున్నాడు. రేవు గోడ ఎక్కి కొత్త చట్టం చదివాడు. ఇకనుంచి తెడ్లతో నడిచే ప్రతి పడవకీ లైసెన్సు ఉండాలి. పేరూ నంబరూ పడవమీద రాసి ఉండాలి. ఆరు తెడ్లకి మించితే లైసెన్సు లేదు. లైసెన్సు లేని పడవ దొరికితే రంపంతో మూడు ముక్కలు కోస్తారు. అందులో దొరికిన మగవాళ్ళని యుద్ధనౌకల మీదికి పంపిస్తారు.

అందరూ బిగుసుకుపోయి నిలబడ్డారు. జాక్వెట్ పిన్ని మాత్రం చేపల బుట్ట దించి నడుంమీద చేతులేసుకుంది. ఆవిడ మొగుడు బతికున్నన్నాళ్ళూ గ్వెన్నోల్ చుక్కాని పట్టినవాడు.

"దొరా, నాకో అనుమానం. మా బాతులకి కూడా లైసెన్సు కావాలా? వాటికి రెండే తెడ్లు."

జనం కిసుక్కుమన్నారు. హెన్షా కాగితం మడుస్తూ, "ఫ్రాన్సు వెళ్ళొస్తే కావాలమ్మా" అన్నాడు.

ఇంకోసారి నవ్వబోయి, ఎవరి మాటకి నవ్వుతున్నామో గుర్తొచ్చి అందరూ ఆపేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే మా అన్న డిగరీ, నాన్న పడవలు కట్టే పనిశాలలోకి వచ్చాడు. గ్వెన్నోల్‌లో మిగతా వాళ్ళందరికీ ఊపు చూపించే తెడ్డు వాడిది. పాతికేళ్ళవాడు, తలుపు పట్టనంత మనిషి.

"రెండు బల్లలు పీకేసి ఆరు చేసేద్దాం నాన్నా."

నాన్న పడవ పొడుగునా చెయ్యి రాస్తూ నడిచాడు. "కొలతాడు తెచ్చాడు చూశావా? పొడుగు కూడా చూస్తాడు. అదీగాక దీనికి ఆరు తెడ్లు వేస్తే అలకి అడ్డం తిరుగుతుంది. ఎనిమిదికి పుట్టింది ఇది."

"మరి?"

పనిశాలకీ ఇంటికీ ఒకటే కప్పు, నడుమ చెక్కగోడ. నాన్న ఆ గోడవైపు చాలాసేపు చూశాడు. సాయంత్రానికల్లా గోడ పలకలు ఊడదీసి, పడవని ఇంట్లోకి జరిపి, పలకలు మళ్ళీ బిగించేశారు. ఇంటికున్న వీధి తలుపులోంచి ఒక మనిషి వంగి రావడమే కష్టం. లోపల అంత పడవ ఉంటుందని ఎవరూ అనుకోరు. పైగా ఇల్లు సోదా చెయ్యాలంటే దొర మేజిస్ట్రేటు కాగితం తేవాలి. ఊరందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

"పొయ్యి దగ్గర పెట్టారు, నిప్పురవ్వ పడితే?" అంది అమ్మ.

"పడనివ్వకు" అన్నాడు నాన్న.

"ఆహా! ఇంతకాలం మొగుడికీ కొడుక్కీ అత్తకీ చాకిరీ చేశాను, ఇప్పుడు పడవకి కూడా."

అమ్మ పేరు హానర్. అలా అంటూనే తడిగుడ్డ తెచ్చి పడవ ముక్కుమీద కప్పింది.

నిజంగానే దానికి చాకిరీ కావలసి వచ్చింది. నీళ్ళలో ఉండాల్సిన చెక్క వెచ్చటి ఇంట్లో పడుంటే ఎండిపోయి అతుకులు విచ్చుకుంటాయి. అందుకని పొద్దున్నా సాయంత్రం నేనూ అమ్మా సముద్రపు నీళ్ళు బిందెలతో తెచ్చి గోనెపట్టాలు తడిపి దానిమీద పరిచేవాళ్ళం. వేసవి పొడుగునా ఇంటి నేల ఆరలేదు. బూట్లకి ఉప్పు పూసింది. డిగరీ లైసెన్సున్న వలపడవలో పనికి వెళ్ళి వచ్చి, ఆ పట్టాలవైపు చూడకుండా కూర్చుని తినేవాడు.

"ఒంట్లో బాగాలేని ముసలాళ్ళకి చేసినట్టు చేస్తున్నారు దానికి" అన్నాడొకసారి.

"ముసలాళ్ళు వింటున్నారు" అంది నాన్నమ్మ పడవలోంచి.

నాన్నమ్మ పేరు విల్మాట్. ఆ వేసవికి ఆవిడకి రోజులు కలిసిపోవడం మొదలైంది. పొద్దుట మాతో ఉండి మధ్యాహ్నానికి తన చిన్నతనంలోకి వెళ్ళిపోయేది. పడవ ఇంట్లోకి వచ్చిన మర్నాడే తన దుప్పటీ తలగడా తీసుకుని దాన్లో వెనకవైపు మకాం పెట్టేసింది. దింపడానికి అమ్మ చాలా బతిమాలింది.

"మంచంమీద పడుకోండి అత్తమ్మా. నడుం పట్టేస్తుంది."

"మంచం ఎక్కడికి పోతుంది చెప్పు? ఎన్నేళ్ళుగానో పడుకున్నాను, అక్కడే ఉంది."

ఇక ఎవరూ దింపలేదు. మధ్యాహ్నాలు పని తగ్గాక నన్ను పిలిచేది. "ఒసే ఎంబ్లిన్, ఊరికే కూచోకపోతే తెడ్డెయ్యవే." నేను బల్లమీద కూర్చుని ఉత్తి గాల్లో తెడ్డు వేసేదాన్ని. నాన్నమ్మ కళ్ళు మూసుకుని దారి చెప్పేది. "వంగు. ఇంకా వంగు. చేతులతో కాదే, కాళ్ళతో తొయ్యి. ఆఁ. ఇప్పుడు నల్లబండ దాటాం. ఇక్కడ నీళ్ళు లోపలినుంచి లాగుతాయి, ఎడమకి బరువెయ్యి. ఇదిగో, సీల్ పిల్లలు చూస్తున్నాయి, చూడు ఎలా తలలెత్తాయో." నేను చూసేదాన్ని. అటకమీదినుంచి వేలాడే ఎండుచేపలూ, పొగబట్టిన దూలాలూ కరిగిపోయి ఆకుపచ్చ నీళ్ళు కనిపించేవి. తెడ్డు చివర బరువు తెలిసేది. అఖాతం అవతల లాన్వీన్ చర్చి ఉంది, తాతని పూడ్చిన చోటు. నాన్నమ్మ పుట్టిల్లు కూడా అక్కడే. ఎప్పుడు బయల్దేరినా మేం అక్కడికే వెళ్ళేవాళ్ళం, ఎప్పుడూ చేరేలోపే ఆవిడ నిద్రపోయేది. నేను కాసేపు అలాగే తెడ్డేస్తూ కూర్చునేదాన్ని. ఆపితే ఆవిడ ఎక్కడ ఆగిపోతుందోనని.

జూన్‌లో ఒక వానరోజు హెన్షా వచ్చాడు. విరిగిన తెడ్డు బాగుచేయించుకోవడానికి పనిశాలకి వచ్చి, నాన్న లేకపోవడంతో ఇంటి తలుపు తట్టాడు. అమ్మ తలుపు సగమే తెరిచి, సందు నిండా తనే నిలబడింది. నేను వెనక బిందెతో ఉన్నాను.

"ఆయన లేరు దొరా. తెడ్డు అక్కడ పెట్టి వెళ్ళండి."

అప్పుడు లోపలినుంచి నాన్నమ్మ గొంతు ఖంగుమని మోగింది. "ఎవరే అది? నిలబెట్టి మాట్లాడతావేం? ఎక్కమను పడవ! పోటు తిరిగిపోతోంది!"

నా చేతిలో బిందె ఒలికింది. అమ్మ రెప్ప కూడా వెయ్యలేదు.

"మా అత్తగారు. మతి సరిగ్గా ఉండటం లేదు. మంచాన్నే పడవ అనుకుంటోంది."

హెన్షా టోపీ చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన చూపు అమ్మ మొహంమీంచి కిందికి, గడపమీదికి దిగింది. లోపలినుంచి సన్నటి నీటిధార ఒకటి తీరిగ్గా వచ్చి ఆయన బూటు పక్కన ఆగింది.

"ఇల్లు కారుతోందా అమ్మా?"

"ముసలావిడ కదా దొరా" అంది అమ్మ, కళ్ళు దించుకుని. "ఏం చెప్పుకోమంటారు."

హెన్షా చెవులదాకా ఎర్రబడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తెడ్డు గోడకి ఆనించి, వెళ్ళబోతూ ఆగి, ఎటో చూస్తూ అన్నాడు. "బాగా కప్పి పడుకోబెట్టండి. పడవల్లో చలెక్కువ."

తలుపు వేశాక అమ్మ దానికి వీపు ఆనించి, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని, కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మొహం మారిపోయి, "వాడికి తెలుసేమోనే" అంది.

తెలుసో లేదో నాకీనాటికీ తెలియదు. జులై అంతా ఆయన కాగితం తెస్తాడని చూశాం. తేలేదు. రేవులో పడవలన్నీ కొలిచి, ఒక్కోదానిమీద తెల్లరంగుతో నంబర్లు వేసుకుంటూ పోయాడు.

ఆగస్టు చివర్లో, చేపల గుంపులు ఒడ్డుకి రావడం మొదలైన వారంలో, నాన్నమ్మకి ఒక రోజంతా మతి స్పష్టంగా వచ్చింది. నాన్న పట్టాలు తడుపుతుంటే చెయ్యి పట్టుకుంది.

"పాస్కో, ఇది మనింట్లో ఎందుకుందిరా?"

"దాచానమ్మా."

"అదేనా, నాకు పిచ్చిపట్టిందనుకున్నాను." కాసేపు అంచు నిమిరింది. "బాగా కట్టావు. మీ నాన్న చూడలేదు దీన్ని. నన్ను దీన్లోనే ఆయన దగ్గరికి తీసుకెళ్ళు. ఇంకోదాన్లో ఎక్కిస్తే నేను రాను."

నాన్న నవ్వాడు. "రానంటే ఎలా? అప్పటికి నోరుండదుగా."

"చూద్దువుగాని" అంది.

తర్వాతి వారంలో ఒక తెల్లవారుజామున, కిటికీల నిండా మంచు ఉన్నప్పుడు, నాన్నమ్మ పడవలోనే వెళ్ళిపోయింది. నేను పాలు వేడిచేసి తీసుకెళ్ళేసరికి మొహం తలుపువైపు తిరిగి ఉంది, ఎవరో ఎక్కుతుంటే చూస్తున్నట్టు.

నాన్న పనిశాలలో మిగిలిన ఎల్మ్ చెక్క పలకలతో పెట్టె చేశాడు. ఆ రోజంతా మా ఇంట్లో సుత్తి చప్పుడే. పెట్టె పూర్తయ్యాక నాన్న లోపలికి వచ్చి, చెక్కగోడ మొదటి పలక పీకాడు.

"ఏం చేస్తున్నారు?" అంది అమ్మ.

"అమ్మ అడిగింది."

"లైసెన్సున్న పడవలు రేవు నిండా ఉన్నాయి. అడిగితే ఎవరైనా ఇస్తారు."

"ఇస్తారు." రెండో పలక పీకాడు.

డిగరీ అడ్డం వచ్చి నిలబడ్డాడు. "నాన్నా, నాకూ ఆవిడ నాన్నమ్మే. కానీ ఆ తెడ్డు ముట్టుకున్న ప్రతివాణ్ణీ యుద్ధనౌక ఎక్కిస్తారు. ఎనిమిది మంది. ఎనిమిది కొంపలు. వాళ్ళని నువ్వెలా అడుగుతావు?"

నాన్న చేతిలో సుత్తి ఆగింది. అడగలేడని ఆయనకీ తెలుసు. ఆ పలకమీదే నుదురు ఆనించి నిలబడ్డాడు. మా నాన్నని అలా నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ నాన్నమ్మ జుట్టు దువ్వుతోంది. దువ్వెన పక్కన పెట్టి, తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది.

"డిగరీ, దొర చదివిన చట్టంలో ఏముంది? పడవలో దొరికిన మగవాళ్ళననా, మనుషులననా?"

"మగవాళ్ళననే."

"మరింకేం" అని అమ్మ లేచి జాక్వెట్ పిన్ని ఇంటివైపు వెళ్ళింది.

చేపల రోజుల్లో వలపడవలకి భోజనాలు పట్టుకెళ్ళేది మా ఆడవాళ్ళే. తెడ్డు పట్టడం రాని ఆడది మా రేవులో లేదు. కాకపోతే ఎనిమిది మంది ఒక పడవలో ఒక ఊపున ఎప్పుడూ వెయ్యలేదు. పట్టపగలు మగవాళ్ళు గ్వెన్నోల్‌ని భుజాలమీద మోసి, నీళ్ళ అంచున దించి, వెనక్కి తప్పుకున్నారు. పెట్టె వెనకభాగంలో పెట్టారు. జాక్వెట్ పిన్ని చుక్కాని దగ్గర కూర్చుంది. డిగరీ చోట అమ్మ కూర్చుంది. నాన్నమ్మ రోజూ నన్ను కూర్చోబెట్టిన బల్లమీద నేను కూర్చున్నాను. నాన్నా మిగతా మగవాళ్ళూ కొండ అంచు దారిన చుట్టు తిరిగి లాన్వీన్‌కి నడక మొదలెట్టారు.

మంచు అఖాతం మీద పాలమీగడలా పరుచుకుని ఉంది. కాసేపటికి రేవు పోయింది, ఒడ్డు పోయింది. మా తెడ్లూ, మా ఊపిరీ, మా ముందు ఆ పెట్టే మిగిలాయి. మొదట్లో తెడ్లు ఒకదానికొకటి తగిలాయి. "కాళ్ళతో తొయ్యండి" అన్నాను, నాకు తెలియకుండానే. అందరూ తోశారు. అప్పుడు పడవ నీళ్ళలోంచి కొంచెం పైకి లేచింది. ఎలా చెప్పను? అంతవరకూ మేం దాన్ని లాగుతున్నాం, అక్కణ్ణుంచి అది మమ్మల్ని తీసుకెళ్ళింది. నల్లబండ పక్కన నీళ్ళు లోపలినుంచి లాగాయి. నేను ఎడమకి బరువేశాను. గుండ్రటి తలలు రెండు నీళ్ళలోంచి లేచి మమ్మల్ని చూశాయి.

అప్పుడు ఎడమపక్క మంచులో తెడ్ల చప్పుడు వినిపించింది. హెన్షా పడవ. నాలుగు తెడ్లది, ప్రభుత్వం పడవ. దగ్గరికి వచ్చి మా పక్కనే ఆగింది. ఆయన మొహం సముద్రం పడక పాలిపోయి ఉంది. మా తెడ్లు లెక్కపెడుతున్నట్టు ఆయన పెదాలు కదిలాయి.

"మగవాళ్ళేరి?"

"కొండమీంచి నడిచి వస్తున్నారు దొరా" అంది జాక్వెట్ పిన్ని. "చట్టమంటే భయం పాపం."

"ఇది ఎనిమిది తెడ్ల పడవ."

"అవునా? ఒసే హానర్, ఎనిమిదంట. మనకి లెక్కలు రావు కదా దొరా, ఎన్ని బల్లలుంటే అంతమందిమి కూచున్నాం."

ఆయన మనుషుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హెన్షా నవ్వలేదు. "అమ్మా, ఈ పడవని నేను పట్టుకోవాలి. నాకు వేరే దారి లేదు."

అమ్మ తెడ్డు ఆపింది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "పట్టుకోండి. మీ పని మీరు చెయ్యండి. ముందు మా అత్తని దించనివ్వండి."

ఆయన అప్పుడు చూశాడు పెట్టెని. అది ఎవరో అర్థమైనట్టుంది. టోపీ తీశాడు. ఆయన మనుషులూ తీశారు. కాసేపు రెండు పడవలూ ఆ తెల్లటిదాన్లో ఒకదాని పక్కన ఒకటి ఊగాయి.

"పదండి. మీ వెనక వస్తాను" అన్నాడు.

బయల్దేరాం. నాలుగు తెడ్లవాళ్ళు ఎంత గింజుకున్నా మమ్మల్ని అందుకోలేకపోయారు. వెనక మంచులో వాళ్ళ రొప్పు దూరమైపోతుంటే అమ్మ తల తిప్పకుండానే అంది, "కాస్త నెమ్మదిగా వెయ్యండే. తప్పిపోతారు పాపం."

నెమ్మది చేశాం. సుంకం దొరని వెంటబెట్టుకుని మా నాన్నమ్మ తన ఊరు చేరింది. ఈసారి నేను ఎక్కడా ఆపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మంచు విడిపోయింది. హెన్షా తన మనుషులతో ముందుగానే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున రేవులో పడవ అప్పగిస్తానని నాన్న మాటిచ్చాడు, ఆయన ఆ మాట నమ్మాడు. నాన్నావాళ్ళు కొండదారిన పోయారు. ఖాళీ పడవ. మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం. అఖాతం నడుమకి వచ్చాక జాక్వెట్ పిన్ని చుక్కాని మెల్లగా తిప్పింది. పడవ ముక్కు మా రేవునుంచి దక్షిణానికి, బయటి సముద్రంవైపు తిరిగింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అమ్మ ఊపు పెంచింది. మేం పెంచాం. నీళ్ళు రెండుపక్కలా చీలి తెల్లగా పారాయి, ఎండ తెడ్లమీద కరిగి కారింది, గ్వెన్నోల్ అలల శిఖరాలు మాత్రమే తాకుతూ పోయింది. ఎవరి మొహం చూసినా నోరు తెరుచుకుని నవ్వుతోంది. అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో మాలో ఎవరమూ ఎప్పుడూ చూడలేదు. ఇలాగే పోతే కనిపిస్తుందనిపించింది. ఆ పడవకి మేమంటే ఇష్టమని కూడా అనిపించింది నాకు.

తర్వాత ఎవరో ఊపిరికోసం ఆగారు. ఒకరు ఆగితే అందరం ఆగాం. పడవ తనంతట తాను చాలా దూరం జారి నిలిచింది.

"రాత్రికి పొయ్యిమీద ఏమీ పెట్టి రాలేదు" అంది అమ్మ.

పిన్ని చుక్కాని మళ్ళీ మా రేవువైపు తిప్పింది.

మర్నాడు పొద్దున రేవంతా వచ్చింది. హెన్షా మనుషులు రంపం తెచ్చారు. నాన్న దాని పళ్ళు వేలితో చూసి పక్కన పెట్టి, తన పెద్దరంపం తెచ్చాడు, అటూ ఇటూ ఇద్దరు పట్టుకుని కోసేది.

హెన్షా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుందో నేను అడగను."

"అడిగినా చెప్పను" అన్నాడు నాన్న. "ముక్కలు నేనే చేస్తాను. మీవాళ్ళ చేత చీల్పించకండి."

హెన్షా తల ఊపాడు. నాన్న రంపం అంచుమీద ఆనించి, రెండో పిడి డిగరీవైపు తిప్పాడు. డిగరీ దానివైపు చూశాడు.

"నా వల్ల కాదు నాన్నా."

వెనక్కి తిరిగి కొండవైపు నడిచాడు. నాన్న పిలవలేదు. రంపం ఒకవైపే పట్టుకుని, వంగి, అలాగే ఉండిపోయాడు. ఇంతమందిలో ఎవరూ కదల్లేదు.

నేను వెళ్ళి ఆ పిడి పట్టుకున్నాను.

నాన్న తలెత్తి చూశాడు. "లాగు. తొయ్యకు. నా వంతుకి నేను లాగుతాను" అన్నాడు.

లాగాను. పొట్టు పసుపుగా నా బూట్లమీద పడింది. వేసవంతా తడిపి తడిపి పెట్టిన చెక్క, కొయ్యడానికి మెత్తగా ఉంది. రెండో కోత పూర్తయ్యేసరికి నా అరచేతులు చిట్లాయి. మూడు ముక్కలూ మూడువైపులకి ఒరిగాయి. ముందుభాగాన్ని జాక్వెట్ పిన్ని బోర్లించి కోళ్ళగూడు చేసుకుంది. మిగతావి చలికి పొయ్యిలోకి పోయాయి. పాదిరీగారి పొయ్యిలోకి కూడా కొంత.

డిగరీ ఆ నెలలోనే ఫాల్మత్ వెళ్ళి సరుకుల ఓడ ఎక్కాడు. కోపంతో కాదు. వెళ్ళేముందు నాన్న బూట్లకి కొత్త అట్టలు కుట్టి వెళ్ళాడు. కానీ మా రేవులో వాడికి సరిపడేంత పెద్ద పడవ ఇక లేదు. నాన్న పనిశాల తలుపు తియ్యడం మానేశాడు. అమ్మ ఆరిన నేలమీద నడుస్తూ ఇల్లు మరీ పెద్దదిగా ఉందనేది.

మొదటి మంచుగడ్డలు కట్టిన ఒక ఉదయం నేను గిన్నెలు తోముతుంటే నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, చేతులు ఖాళీయేనా?"

ఖాళీ కాదు. అయినా "ఖాళీయే" అన్నాను.

ఆ చలికాలమంతా నాకు చెక్క నేర్పాడు. పలకని ఆవిరిపెట్టి, అది వేడిగా ఉండగానే నడుం వంచినట్టు వంచి బిగించడం. చెక్క మేకుని ఎక్కడ వద్దంటుందో చేత్తో తెలుసుకోవడం. పాడుచేసిన పలకలు చాలానే. నాన్న తిట్టలేదు, ఇంకో పలక అందించేవాడు. మేం మాట్లాడుకున్నది తక్కువ. వసంతం వచ్చేసరికి పనిశాలలో ఒక పడవ ఉంది. ఆరు తెడ్లది, చట్టం చెప్పినంత పొడుగుది. సన్నగా, ఒద్దికగా, చెవులు రిక్కించినట్టు ఉంది.

రేవులోకి దించిన రోజున హెన్షా రంగు డబ్బాతో వచ్చాడు. చలికాలం ఆయన్ని ఇంకా బక్కచిక్కించింది. కొలతాడు పరిచి చూశాడు. బల్లలు చూశాడు. పడవ ముక్కుమీద చెయ్యి వేసి, చెక్క అతుకులు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళమీద కూర్చుని, తెల్లరంగుతో నంబరు జాగ్రత్తగా వేశాడు. సున్నా చుట్టడం ఆయనకి బాగా వచ్చు.

"మంచి పడవ" అన్నాడు లేస్తూ. "కట్టిందెవరు?"

అది అడగాల్సిన మాటే, ప్రతి పడవకీ అడుగుతాడు. నాన్న ఎదురుగా ఉన్నాడు, రేవంతా చుట్టూ ఉంది. నేను తారు మరకల చేతులు గౌను మడతల్లో దాచుకుని వెనక నిలబడ్డాను. మా నాన్న జీవితంలో ఎన్ని పడవలు కట్టాడో, ఆ ప్రశ్నకి అన్నిసార్లూ ఒకటే జవాబు చెప్పి ఉంటాడు. డిగరీ పక్కన ఉండి సగం పని చేసిన పడవలకి కూడా "నేను" అనే చెప్పేవాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మేం" అన్నాడు.